మీది ఎన్నేళ్ల సర్వీసు? స్పానిష్‌లో దీనికి ఏ మాట వాడాలి?

ఉక్కునగరం నుంచి మళ్ళీ నేనే. వెనకాల కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి, ఇంట్లో రికార్డింగ్ అంటే ఇంతే.

ఈ రోజు ఒకే ఒక్క మాట గురించి మాట్లాడదాం. ఒక్క మాటే కదా, రెండు నిమిషాల్లో అయిపోతుందిలే అనుకోకండి. ఆ ఒక్క మాట తప్పు రాసినందుకు నేను రెండు రాత్రులు కూర్చుని ఎక్సెల్ షీట్లు సరిచేశాను. పని పోతుందేమో అని కూడా భయపడ్డాను.

నేను పనిచేసే ఆఫీసు పేరు చెప్పను. మెక్సికోలో ఉన్న ఒక క్లయింటుకి జీతాలు, సెలవుల లెక్కలు మేం వైజాగ్ నుంచి చూస్తాం. నేను స్పానిష్ నేర్చుకున్నది కాలేజీలో కాదు. కూర్మన్నపాలెంలో బస్సెక్కి ఆఫీసు దగ్గర దిగేవరకు, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, రోజూ ఫోన్‌లో నేర్చుకున్నాను. అందుకే నా స్పానిష్‌లో కూడా మన రోడ్డులాగే అక్కడక్కడా గతుకులుంటాయి.

ఒక రోజు మా టీమ్ లీడ్ ఒక ఫారం ఇచ్చి, "దీన్ని స్పానిష్‌లోకి మార్చెయ్, రేపు అక్కడి ఉద్యోగులకి పంపాలి" అన్నారు. పేరు, విభాగం, హోదా, ఇలా కాలమ్స్ అన్నీ ఈజీగానే వచ్చేశాయి. ఆరో కాలమ్ దగ్గర ఆగాను. అక్కడ ఇంగ్లీషులో 'టెన్యూర్' అని ఉంది.

ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ ఓపెన్ చేస్తే 'తెనెన్సియా' అని వచ్చింది. చూడ్డానికి రెండూ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి కదా. నిజంగానే చుట్టాలే, రెండూ 'పట్టుకొని ఉండటం' అనే లాటిన్ మాట నుంచి వచ్చినవే. కానీ స్పానిష్‌లో తెనెన్సియా అంటే ఒక వస్తువు మన దగ్గర ఉండటం. భూమి స్వాధీనంలో ఉన్నా, తుపాకీ దగ్గర పెట్టుకున్నా తెనెన్సియానే. మెక్సికోలో అయితే బండి ఉన్నందుకు కట్టే పన్నుని కూడా తెనెన్సియా అనే పిలుస్తారు. అంటే నేను అదే పంపించి ఉంటే, ఉద్యోగులు "నా సర్వీసు ఇంత" అని రాయడానికి బదులు "బండి టాక్స్ కట్టేశానండీ" అని రాసేవాళ్లేమో!

అదృష్టం, అది తప్పని నాకు అనుమానం వచ్చింది. దురదృష్టం, దాని బదులు ఇంకో తప్పు చేశాను. 'ఎక్స్‌పెరియెన్సియా' అని రాశాను. ఎక్స్‌పీరియన్స్ అంటే ఎవరికైనా తెలుస్తుంది, ఇంకేం కావాలి అనుకున్నాను. టీమ్ లీడ్‌కి స్పానిష్ రాదు, ఓకే చేసేశారు.

వారం తర్వాత ఫారాలు తిరిగొచ్చాయి. ఆ కాలమ్‌లో అంకెని బట్టి సెలవుల లెక్క దానంతట అదే పడుతుంది. మెక్సికో కార్మిక చట్టంలో సెలవులు ఏళ్లతో పాటు పెరుగుతాయి. 2023 జనవరి 1 నుంచి కొత్త లెక్క వచ్చింది. మొదటి ఏడాది పూర్తయితే 12 రోజులు. అంతకు ముందు అది ఆరే. తర్వాత ఏడాదికి రెండేసి చొప్పున పెరిగి ఐదేళ్లకి 20 అవుతాయి. ఆరో ఏడు నుంచి పదో ఏడు వరకు 22, పదకొండు నుంచి పదిహేను వరకు 24, అలా ముందుకు వెళ్తుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఆ కంపెనీలో చేసిన ఏళ్లు. బయట ఎక్కడో చేసినవి కాదు.

నేను అడిగింది మాత్రం అనుభవం. వాళ్లు నిజాయితీగా అనుభవమే రాశారు. ఒకాయన ఈ కంపెనీలో చేరి రెండేళ్లే, కానీ బయట పనిచేసినవన్నీ కలిపి 14 అని రాశాడు. ఆయనకి రావాల్సింది 14 రోజులు, సిస్టమ్ 24 చూపించింది. ఆయన సంతోషంగానే ఉన్నాడు, ఫిర్యాదేమీ లేదు. అసలు ఫిర్యాదు ఇంకొకావిడ దగ్గర నుంచి వచ్చింది. ఆవిడ అదే కంపెనీలో తొమ్మిదేళ్లుగా ఉన్నారు. ప్యాకింగ్‌లో ఆరేళ్లు చేసి, తర్వాత క్వాలిటీకి మారి మూడేళ్లయింది. "నీ అనుభవం ఎంత" అని అడిగితే, ఇప్పుడు చేస్తున్న పని గురించి అనుకుని 3 అని రాశారు. 22 రోజులు రావాల్సిన చోట 16 పడ్డాయి. పెట్టుకున్న సెలవు రిజెక్ట్ అయింది.

మర్నాడు కాల్‌లో ఆవిడ ఉన్నారు. అరవలేదు, తిట్టలేదు. ఒక్కటే అడిగారు. "ఇ మిస్ ఓత్రోస్ సెయిస్ ఆన్యోస్?" అంటే, "మరి నా మిగతా ఆరేళ్లూ?" అని.

నిజం చెప్తున్నాను, నాకు నోట మాట రాలేదు. ఆవిడ ఆరేళ్ల పనిని నేను ఒక్క మాటతో తుడిచేశాను.

ఆ రాత్రి అన్నం తింటూ నాన్నకి ఇదంతా చెప్పాను. నాన్న స్టీల్ ప్లాంట్‌లో 1992లో చేరారు, ఇంకో ఏడాదిలో రిటైర్మెంట్. మొత్తం విని, పెరుగు కలుపుకుంటూ, "సర్వీసు వేరు, ఎక్స్‌పీరియన్స్ వేరు కదా. ఆ మాత్రం తెలీదా?" అన్నారు. అంతే. నేను స్పానిష్ డిక్షనరీల్లో వెతుకుతున్న తేడా మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీదే ఉంది.

మీరే ఆలోచించండి. మన ఊళ్లో ఇద్దరు పెద్దవాళ్లు టీ బడ్డీ దగ్గర కలిస్తే "మీది ఎన్నేళ్ల సర్వీసండీ?" అంటారు. "మీ అనుభవం ఎంతండీ?" అనరు. ఉక్కునగరంలో పెరిగిన పిల్లలకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ ప్లాంటుకి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న, పి.వి. నరసింహారావు గారు. ఆ మధ్య ఏళ్లలో చేరినవాళ్ల ఇళ్లలో 'సర్వీసు' అనేది అమ్మానాన్న అన్నంత మామూలు మాట. ఇంక్రిమెంటైనా, ప్రమోషనైనా, గ్రాట్యుటీ అయినా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇంగ్లీషు నుంచి వచ్చినా అది ఇప్పుడు పక్కా తెలుగు మాటే. 'అనుభవం' మన సొంత మాటే గానీ దాని పని వేరు. అనుభవం మనిషితో పాటు వెళ్తుంది. నాన్న రేపు గేటు దాటి బయటికొచ్చినా కోక్ ఓవెన్స్ గురించి ఆయనకి తెలిసింది ఎక్కడికీ పోదు. సర్వీసు అలా కాదు, అది యజమాని రిజిస్టర్‌లో ఉంటుంది. ఆ కాలానికి వాళ్లు మనకి ఏదో ఒకటి బాకీ.

స్పానిష్‌లో మన 'సర్వీసు'కి సరిపోయే మాట 'అంతిగ్వెదాద్'. రాసేటప్పుడు అందులో యు మీద రెండు చుక్కలు పెట్టాలి. ఆ చుక్కలు లేకపోతే 'అంతిగెదాద్' అని చదవాల్సి వస్తుంది, అలాంటి మాట లేదు. దీని అసలు అర్థం పాతదనం. పురాతన కాలాన్ని అంతిగ్వెదాద్ అంటారు, బహువచనం చేస్తే పాత సామాన్ల షాపులో అమ్మే గడియారాలు, కుర్చీలు. మొదట్లో నాకు నవ్వొచ్చింది. మనిషి సర్వీసుని పాత కుర్చీతో పోలుస్తారేంటి అని. కానీ మనమూ "ఆయన ఇక్కడ పాత కాపు" అంటాం కదా.

ఈ మాట వెనకాల డబ్బులుంటాయి. అందుకే ఇది సరిగ్గా పడాలి. మెక్సికోలో 'ప్రీమా దె అంతిగ్వెదాద్' అని ఉంది, చేసిన ప్రతి ఏడాదికి 12 రోజుల జీతం లెక్కన ఇస్తారు. దానికి జీతం మీద ఒక పరిమితి ఉంది, అది వేరే విషయం. తనంతట తను మానేస్తే మాత్రం కనీసం 15 ఏళ్లు చేసి ఉండాలి. మన గ్రాట్యుటీకి దూరపు చుట్టం అనుకోండి. 1972 చట్టం నుంచి మనకి అలవాటైన లెక్క ఏడాదికి 15 రోజుల జీతం, ఐదేళ్ల నిబంధన. స్పెయిన్‌లో అన్యాయంగా తీసేశారని తేలితే, ఏడాదికి 33 రోజుల జీతం ఇవ్వాలి. 2012కి ముందు అది 45. అక్కడి ప్రభుత్వ ఉద్యోగులకి ప్రతి మూడేళ్లకీ జీతంలో ఒక ముక్క కలుస్తుంది, దాన్ని 'త్రియేనియో' అంటారు. వీటన్నిటిలో అడిగేది ఒక్కటే, నీ అంతిగ్వెదాద్ ఎంత? 'ఎక్స్‌పెరియెన్సియా' ఎంతని ఎవరూ అడగరు.

మరి ఎక్స్‌పెరియెన్సియా ఎక్కడ వాడాలి? ఉద్యోగ ప్రకటనల్లో, రెజ్యూమేలో, ఇంటర్వ్యూలో. నువ్వు ఏం చేయగలవో చెప్పేటప్పుడు. ఇంకొంచెం గొప్పగా, మొత్తం కెరీర్ దారి అంతా కలిపి చెప్పాలంటే 'త్రయెక్తోరియా' ఉంది. అది వీడ్కోలు సభల మాట, శాలువా కప్పేటప్పుడు వాడే టైపు.

ఇంకో రెండు మాటలు మిమ్మల్ని బుట్టలో పడేస్తాయి. ఒకటి 'మందాతో'. మన మాంధాత కాదు. అది ఎన్నికైనవాళ్ల పదవీకాలం. మేయర్‌కి, అధ్యక్షుడికి మందాతో ఉంటుంది, మీకూ నాకూ ఉండదు. తెలుగులో కూడా ఎవరైనా "కాల్ సెంటర్‌లో నా పదవీకాలం రెండేళ్లు" అంటే మనం నవ్వమూ? రెండోది 'పెర్మనెన్సియా'. ఇది వినగానే మన దగ్గర 'పర్మినెంట్ అయ్యాడు' అన్నట్టు అనిపిస్తుంది. కాదు. అది ఒక చోట ఉండిపోవడం, అంతే. స్పెయిన్‌లో సెల్‌ఫోన్ కంపెనీలు ఇన్ని నెలలు వదిలి వెళ్లకూడదని కట్టేసే షరతుని పెర్మనెన్సియా అంటాయి. మన పర్మినెంట్ ఉద్యోగానికి వాళ్ల మాట 'ఇందెఫినీదో'. చూడ్డానికి "ఏమో, చెప్పలేం" అన్నట్టుంది కదా? కాంట్రాక్టుకి చివరి తేదీ రాయలేదు అని దాని అర్థం. పాపం ఎంత మంచి మాటకి ఎంత అనుమానాస్పదమైన ముఖం!

వైజాగ్ కాబట్టి ఓడల్లో పనిచేసే ఫ్రెండ్స్ కొంతమంది చూస్తుంటారు. మీ లెక్క ఇంకా వేరు. మీకు ఏళ్లు కాదు, ఓడ ఎక్కిన తేదీ, దిగిన తేదీ. మీరు 'సీ టైమ్' అనేదాన్ని స్పానిష్ పత్రాల్లో 'పెరియోదో దె ఎంబార్కో' అంటారు. కంపెనీలో పేరుండి ఇంట్లో ఉన్న నెలలు అందులోకి రావు. దీన్ని అంతిగ్వెదాద్ అని రాసేయకండి.

సరే, ఇప్పుడు కాగితాలు పక్కన పెట్టి మామూలుగా మాట్లాడేటప్పుడు ఏమనాలో చూద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. "ఇక్కడ పదేళ్లుగా పనిచేస్తున్నాను" అని చెప్పాలి. మనలో చాలామంది ఇంగ్లీషులో "అయామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అని చెప్పి టీచర్ చేత తిట్లు తిన్నవాళ్లమే. ఎందుకలా అంటాం? తెలుగులో 'పనిచేస్తున్నాను' వర్తమానంలోనే ఉంది కాబట్టి. ఇంగ్లీషు వాడికి అది తప్పు. కానీ స్పానిష్ వాడికి అదే కరెక్ట్! "త్రబాహో అకీ దెస్దె ఆసె దియెస్ ఆన్యోస్." క్రియ వర్తమానంలోనే ఉంటుంది. పదో తరగతిలో మనం చేసిన తప్పు ఇక్కడ మార్కులు తెస్తుంది.

ఇంకా సహజంగా చెప్పాలంటే "యెబో దియెస్ ఆన్యోస్ త్రబహాందో అకీ" అంటారు. 'యెబో' అంటే మోసుకెళ్తున్నాను. సంచి మోసినా ఇదే మాట, బట్టలు వేసుకున్నా ఇదే మాట. ఇక్కడ పనిచేస్తూ పదేళ్లు మోస్తున్నాను, అని. మనం ఏళ్లని గడుపుతాం, వాళ్లు మోస్తారు. అన్నట్టు 'ఆన్యోస్' రాసేటప్పుడు ఎన్ మీద ఆ చిన్న అలల గీత మాత్రం మర్చిపోకండి. మర్చిపోతే ఏళ్లు కాస్తా శరీరంలో వేరే భాగం అయిపోతాయి. ఏ భాగమో మీరే వెతుక్కోండి, ఇంట్లో అమ్మ వింటోంది.

నా షీట్ విషయం ఏమైందంటే, కాలమ్ పేరు 'అంతిగ్వెదాద్ ఎన్ లా ఎంప్రెసా' అని మార్చి, అంటే 'కంపెనీలో సర్వీసు' అని, పక్కన చేరిన తేదీ అడిగే ఇంకో కాలమ్ పెట్టి మళ్ళీ పంపాం. తేదీ ఉంటే ఎవరూ పొరపడరు. ఆవిడకి 22 వచ్చాయి. 14 రాసిన ఆయనకి తగ్గాయి, కాస్త గొణిగాడు.

అయితే ఈ పని చేస్తున్నప్పుడు ఇంకో స్పానిష్ మాట ఎదురైంది. అది నన్ను గాజువాకలో ఉండే మా మావయ్య దగ్గరికి తీసుకెళ్లింది. ఆ మాట 'సుబ్రొగాసియోన్'. స్పెయిన్‌లో ఒక వ్యాపారం చేతులు మారితే, కొత్త యజమాని పాత ఉద్యోగుల్ని వాళ్ల అంతిగ్వెదాద్‌తో సహా తీసుకోవాలని కార్మిక చట్టంలో ఉంది, 44వ ఆర్టికల్. క్లీనింగ్, సెక్యూరిటీ లాంటి పనుల్లో కాంట్రాక్టర్ మారినా ఇలాగే జరగాలని కార్మిక సంఘాల ఒప్పందాల్లో రాసుకుంటారు. బోర్డు మీద కాంట్రాక్టర్ పేరు మారుతుంది, మనిషి సర్వీసు మాత్రం మొదటి రోజు నుంచే లెక్క.

మా మావయ్య ఒక చోట హౌస్‌కీపింగ్ చేస్తారు. స్టీల్ ప్లాంట్ కాదు, వేరే చోటు. పేరు అనవసరం. 2007 నుంచి అదే గేటు, అదే బిల్డింగు, అవే మెట్లు. కాంట్రాక్టర్లు మాత్రం మారుతూ వచ్చారు. ఆదివారం వెళ్లి, "మావయ్యా, నీది ఎన్నేళ్ల సర్వీసు?" అని అడిగాను.

ఆయన నవ్వి, "ఏ లెక్కలో అడుగుతున్నావమ్మా? అనుభవం అయితే పద్దెనిమిదేళ్లు. సర్వీసు అయితే రెండేళ్లు" అన్నారు.

నాకు వెంటనే కాల్‌లో ఆవిడ గొంతే వినిపించింది. మరి నా మిగతా ఏళ్లూ?

స్పెయిన్ లెక్కలో చూస్తే, 33 రోజుల చొప్పున పద్దెనిమిదేళ్లకి 594 రోజుల జీతం. రెండేళ్లకి 66. ఒకే మనిషి, ఒకే చీపురు. ఈ లెక్క ఆయనకి చెప్పలేదు. చెప్పి ఏం లాభం, మనం ఉన్నది స్పెయిన్‌లో కాదు.

కానీ ఇక్కడ చేయగలిగింది ఒకటుంది, అది చేశాం. స్పెయిన్‌లో ఎవరైనా తమ మొత్తం ఉద్యోగ చరిత్రని ప్రభుత్వం దగ్గర నుంచి ఒక కాగితంగా తీసుకోవచ్చు. ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు, ఎవరి దగ్గర, అన్నీ ఉంటాయి. దాని పేరు 'బీదా లబొరాల్', పని జీవితం. మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది పీఎఫ్‌లో సర్వీస్ హిస్టరీ. 2014లో యూఏఎన్ నంబర్ వచ్చాక, యజమాని మారినా నంబర్ ఒకటే ఉంటుంది. మావయ్య ఫోన్‌లో లాగిన్ అయి చూశాం. ఓటీపీ రావడానికే అరగంట పట్టింది, పాత సిమ్ పిల్లాడి ఫోన్‌లో ఉంది.

చూస్తే నలుగురు కాంట్రాక్టర్ల పేర్లున్నాయి. ఇద్దరి దగ్గర మానేసిన తేదీ వేయలేదు. ఆఖరి చందా పడి రెండు నెలలు దాటితే ఆ తేదీ మనమే వేసుకోవచ్చు, పోర్టల్‌లో 'మార్క్ ఎగ్జిట్' అని ఉంటుంది. అది వేశాం. పాత ఖాతాల్లో డబ్బుని ఇప్పటి ఖాతాలోకి ట్రాన్స్‌ఫర్‌కి పెట్టాం. ట్రాన్స్‌ఫర్ అయితే పాత సర్వీసు కూడా కలుస్తుంది. పీఎఫ్ పెన్షన్‌కి పదేళ్ల సర్వీసు కావాలి, అందుకే ఇది ముఖ్యం. మీలో ఇంతకు ముందు ఉద్యోగం మారినప్పుడు పెన్షన్ డబ్బుతో సహా మొత్తం తీసేసుకుని ఫోన్ కొన్నవాళ్లున్నారు, నాకు తెలుసు. అలా తీసేస్తే ఆ ఏళ్లు పెన్షన్ లెక్కలోంచి కూడా పోతాయి. మావయ్య మొదటి కాంట్రాక్టర్ దగ్గరవి అలాగే పోయాయి, అక్క పెళ్లికి మొత్తం తీసేశారు. మధ్యలో ఒకాయన దగ్గర పీఎఫ్ కట్టనే లేదు, ఆ ఏళ్లు ఎక్కడా కనిపించలేదు.

మిగిలినవన్నీ కలిపితే పదకొండేళ్ల చిల్లర వచ్చింది. మావయ్య ఫోన్ తీసుకుని ఆ అంకె కేసి కాసేపు చూశారు. "పద్దెనిమిదీ కాదు, రెండూ కాదన్నమాట" అన్నారు. తర్వాత పదికి పైనే ఉంది కదా అని రెండుసార్లు అడిగారు. ఉంది మావయ్యా అన్నాను.

ట్రాన్స్‌ఫర్ రిక్వెస్ట్ ఒకటి అప్రూవ్ అయింది, రెండోది ఇంకా పెండింగ్ చూపిస్తోంది. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్లి చూస్తాను. వచ్చే ఎపిసోడ్‌లో స్పానిష్‌లో 'జీతం'కి ఉన్న మాటల గురించి మాట్లాడదాం. ఉంటాను, బై.